పంపు కడిగిన నీళ్లు

ఇంటాయన భుజం మీది తువ్వాలు తీసి వంటింటి గడప మీద దులిపాడు. గుప్పెడు మిరియపు కంకులు రాలాయి. వేలెడు పొడవు, ఇంకా పచ్చివే. కొన్ని తొడిమ దగ్గర నల్లబడ్డాయి, కొన్ని మధ్యలో చిక్కి వంకర తిరిగాయి. ఒకటి దొర్లుకుంటూ పోయి చిన్నకోడలి కాలి దగ్గర ఆగింది.

"చూసుకోమ్మా. నీ పుస్తకంలో వాన ఇదీ," అన్నాడు.

చిన్నకోడలు చాటలో నిరుటి మిరియాలు చెరుగుతోంది. చెరిగిన దాంట్లో సగానికి పైగా తాలే. ఊదితే లేచిపోతోంది. చాట కింద పెట్టి కంకిని ఏరుకుంది. గోటితో గీరింది. వాసన చూసింది.

"మొన్న సాయంత్రం నీళ్లు కొట్టావు. ఇవాళ్టికి ఇదీ సంగతి," అన్నాడాయన. "ఊహ తెలిసినప్పట్నించీ ఈ తోటలోనే ఉన్నా. వేరు కుళ్లి తీగ చావడం చూశాను, పూత నిలబడకపోవడం చూశాను. నీళ్లు పోస్తే మాడే తీగని మాత్రం ఇప్పుడే చూస్తున్నా."

"నీళ్లకి మాడదు బావగారూ. శిక్షణలో మా చేతే కొట్టించి చూపించారు. తుంపరలాగా పడితే పుప్పొడి కిందికి జారి..."

"శిక్షణ! ఫ్యాను కింద కూచుని గోడ మీద బొమ్మలేస్తారు. బొమ్మలో తీగకి ఎండ తగుల్తుందా?" తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ముందే అనుకున్నాం కదా. ఈ పూత ఒక్కటీ చూద్దాం, పట్టకపోతే తీగలు తీసేసి రబ్బరు వేద్దామని. రబ్బరు మొక్కలాయన్ని వచ్చే బుధవారం రమ్మంటాను. గుంటలు కొలుచుకుని పోతాడు. అప్పటిదాకా నువ్వు ఆ వీపున మోసే పంపు ముట్టుకోకు. పెద్దదాన్నొక్క మాట అడిగి చేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

పెద్దకోడలు పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆ చివరి మాట చెవిన పడగానే చేతిలోని గరిటె తనంతట తానే మళ్లీ గిన్నెలోకి వెళ్లింది. భర్తకి వడ్డిస్తున్న పళ్లెంలో ఇంకో గరిటె వేసింది. చలికాలం పొద్దున మొదటి గుక్క వేడి నీళ్లు గొంతు దిగినట్టు లోపల హాయిగా ఏదో దిగింది. తోడికోడలు వైపు చూడలేదు. చూడకపోయినా ఆ పిల్ల తల వంచుకుని గడప మీది కంకుల్ని ఒక్కొక్కటే కొంగులోకి ఏరుకోవడం తెలుస్తూనే ఉంది.

పెరటి అరుగు మీద అత్తగారు కూచుని ఉంది. ఆవిడ చూపు మందగించి మూడేళ్లయింది. మనుషుల్ని అడుగుల చప్పుడుతో పోల్చుకుంటుంది. మామూలుగా అయితే ఇలాంటి మాట దగ్గర తన సామెత ఒకటి వేసేది. వానలు రెండు రకాలనేది ఆవిడ లెక్క, కొట్టే వాన, దువ్వే వాన. మిరియానికి దువ్వే వాన కావాలి. సన్నగా, తొందర లేకుండా, తల్లి కూతురి తల దువ్వినట్టు కంకిని పైనుంచి కిందికి దువ్వుకుంటూ పోతేనే గింజ గింజా నిలబడుతుంది. ఇప్పుడు పడుతున్నవన్నీ కొట్టే వానలే. ఒక గంట బిందెలతో గుమ్మరించి, పది రోజులు మొహం చాటేస్తాయి. అందుకే రెండేళ్లుగా కంకులన్నీ పళ్లూడిన దువ్వెనల్లా ఉంటున్నాయి.

ఆ రోజు ఆవిడ సామెత వెయ్యలేదు. చెయ్యి చాపి తడుముకుంటూ చెంబు అందుకుని, నీళ్లు తాగి, మళ్లీ అక్కడే పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పెద్దకోడలు గంప, కొడవలి తీసుకుని తోటలోకి వెళ్లింది. ఎండుటాకులు ఊడ్చుకొచ్చి తీగల మొదళ్లలో మందంగా పరవాలి. అదీ చిన్నకోడలు తెచ్చిన పద్ధతే. నేల మీద ఎండ పడకూడదట, నీడ చెట్ల కొమ్మలు కొట్టకూడదట, గడ్డి మందు వాడకూడదట, గడ్డిని కోసి అక్కడే వదిలెయ్యాలట. ఆకులు పరవడం మాత్రం పెద్దకోడలు ఒప్పుకుంది. బాట పక్క గడ్డి దగ్గర ఒప్పుకోలేదు. బాట నున్నగా లేకపోతే తోట దిక్కులేని తోటలా కనిపిస్తుందని ఆవిడకి.

బాట ఇప్పుడు నున్నగానే ఉంది. రెండు వైపులా గడ్డి ఎండిన కొబ్బరి పీచులా పడి ఉంది. అక్కడక్కడా బతికిన గడ్డిపోచల మీద గుండ్రటి మాడు మచ్చలు, బీడీతో చురకలు పెట్టినట్టు.

తీగ పాకిన మొదటి ఊతచెట్టు దగ్గర గంప దించింది. తీగ మొదట్లో ఆకులు పరిచి, చేత్తో అదిమి, నడుం నిలబెట్టింది. కళ్లెదురుగా ఒక ఆకు. ఆకు మీద గుండ్రటి మాడు మచ్చ.

ఇంకో ఆకు తిప్పి చూసింది. మూడు మచ్చలు. వంగి బాట పక్క గడ్డిపోచ ఒకటి పీకి ఆకు పక్కన పెట్టింది. ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి.

గంప అక్కడే వదిలేసి వరసగా నడిచింది. రెండో చెట్టు, మూడో చెట్టు. ఆరు చెట్లదాకా ఒకటే తీరు, కంకులు సగం రాలిపోయాయి. ఏడో చెట్టు దగ్గర మచ్చలు పలచబడ్డాయి. పన్నెండు దాకా అలాగే. పదమూడు నుంచి ఉండీ లేనట్టు, వెతికితే ఎక్కడో ఒకటి. పద్దెనిమిది దాటాక ఆకు అద్దంలా ఉంది.

పంతొమ్మిదో చెట్టు తీగని దగ్గరికి లాక్కుంది. కంకి మీద తెల్లటి పూత మొనలు గోధుమ రంగుకి తిరిగాయి. వాటి వెనక వేలితో నిమిరితే తగిలీ తగలనట్టు బుడిపెలు. కంకి పై నుంచి కొస దాకా, ఖాళీ లేకుండా. ఇలాంటి కంకి ఆమె చూసి మూడేళ్లయింది. గబగబా ముందుకు నడిచి, నీళ్లు కొట్టని చెట్ల దగ్గర చూసింది. అక్కడ పూత తెల్లగా, పొడిగా, ఎవరికోసమో ఎదురు చూస్తున్నట్టుంది. ఇంకో నాలుగైదు రోజులు చూస్తుంది. తరువాత వాడిపోతుంది.

ఒక పంపు నీళ్లు ఆరు చెట్లకి వస్తాయి.

ఆమె ఆ చెట్టు మొదట్లోనే కూలబడింది. సోమవారం మధ్యాహ్నం బాట పొడుగునా గడ్డి మందు కొట్టింది తనే. చిన్నది వద్దంటున్నా కొట్టింది, వద్దంటోంది కాబట్టి ఇంకాస్త గట్టిగా కొట్టింది. అయిపోయాక పంపుని పెరటి బండ మీద పెట్టి నీళ్లు పోసింది. ఎప్పుడైనా మూడుసార్లు కడుగుతుంది. అత్తగారు నేర్పిన పద్ధతి, సగానికి నీళ్లు పోసి, మూత బిగించి, గుబగుబమని ఊపి, గొట్టంలోంచి కూడా బయటికి కొట్టి, పారబోసి, మళ్లీ. ఆ రోజు, వాగులోంచి సన్నగా నీళ్లు చేరే పట్టా పరిచిన గుంటలో నీళ్లు అడుక్కి వెళ్లిపోయాయి. తాగే కుండలోంచి తీసి పారబోయడానికి చెయ్యి రాలేదు. ఒక్కసారి ఊపి, పారబోసి, కొక్కేనికి తగిలించింది.

మంగళవారం సాయంత్రం చిన్నకోడలు ఆ పంపు దించుతూ అడిగింది.

"కడిగే ఉందా అక్కా?"

"నేను కడక్కుండా పెడతానా?"

ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట! అబద్ధం చెప్పినట్టు కూడా లేదు. కడిగింది కదా.

మిగిలిన ఆకులు కుమ్మరించి, గంప తీసుకుని ఇంటికొచ్చాక నేరుగా పెరటి బండ దగ్గరికి వెళ్లింది. బండ వాలు కింద, నీళ్లు పారిన మేర, గడ్డి నాలుక ఆకారంలో మాడి ఉంది. చుట్టూ పచ్చగా, మధ్యలో ఆ ఎర్రటి నాలుక. ఎవరైనా చూస్తున్నారా అని ఇటూ అటూ చూసింది. అరుగు మీద అత్తగారు తప్ప ఎవరూ లేరు. ఆవిడ చూడలేదు. పెద్దకోడలు చేతిలోని ఖాళీ గంపని దాని మీద బోర్లించింది.

పగలంతా చిన్నకోడలు పనిలోనే ఉంది. చెరగాల్సినవి చెరిగింది, తోమాల్సినవి తోమింది. శిక్షణ నుంచి తెచ్చుకున్న పుస్తకం, ప్రతి పేజీలోనూ గుండ్రటి అక్షరాలతో రాసుకుని కంకుల బొమ్మలు వేసుకున్న పుస్తకం, గూట్లో సూదీ దారం డబ్బా కిందికి పోయింది. మధ్యాహ్నం మొగుడు ఫోను చేశాడు. అతను సరుకుల బండి నడుపుతాడు, వారానికోసారి ఇల్లు చేరతాడు. ఆ పిల్ల చేతులు తడిగా ఉన్నాయని ఫోను గట్టుమీద పెట్టి మాట్లాడింది. అందరికీ వినబడింది.

"అన్నయ్య చెప్పాడు. నీకెందుకే ఈ గొడవ? వదిన చెప్పినట్టు చేసుకుపో. వదిన చేత్తో చేసింది ఎప్పుడైనా వంకరపోయిందా?"

"లేదు," అంది చిన్నకోడలు.

"మరి?"

"సరే అన్నాను కదా. బండి చూసుకుని నడుపు."

పెద్దకోడలు వంటింట్లో డబ్బా మూత తీసి, ఎందుకు తీసిందో గుర్తురాక మళ్లీ పెట్టేసింది. నిన్న లోపల హాయిగా దిగిందే, అది ఇవాళ అక్కడే చల్లారి గట్టిపడి కూచుంది. కిందికీ పోదు, పైకీ రాదు.

రాత్రి భోజనాల దగ్గర అందరికీ వడ్డించి, తను కూచోకుండా నిలబడే చెప్పింది.

"కంకులు మాడింది నీళ్లకి కాదండీ. పంపులో గడ్డి మందు ఉండిపోయింది. నేను సరిగ్గా కడగలేదు."

ఇంటాయన ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగి, నవ్వాడు.

"నువ్వా?"

"నేనే. సోమవారం. ఒక్కసారే కడిగాను."

"ఊరుకోవే. ఇరవై రెండేళ్లలో నువ్వు చెంచా తోమినా దాంట్లో మొహం కనబడుతుంది. పంపు కడగలేదంటే నమ్మడానికి నేనేమన్నా నిన్న పుట్టానా?" చిన్నకోడలి వైపు తిరిగాడు. "చూశావా అమ్మాయ్, నీ మీదికి రాకుండా తన మీద వేసుకుంటోంది. తోడికోడలంటే అలా ఉండాలి."

"వెనకేసుకు రావడం కాదు. పొద్దున వెళ్లి చూశాను. మొదటి ఆరు చెట్లూ బాగా మాడాయి. తర్వాతి ఆరూ కొంచెం. పద్దెనిమిది దాటితే ఏమీ లేదు. కాయ కూడా పట్టింది. పంపు పంపుకీ మందు తగ్గుతూ వచ్చింది, తెలీడం లేదా?"

ఆయన చెయ్యి ఆగింది. ఒక్క క్షణం ఆలోచించాడు. పెద్దకోడలికి ఆశ కలిగింది.

"అయితే ఆ కొట్టువాడు కల్తీ మందు అంటగట్టుంటాడు," అన్నాడు. "మామూలు మందయితే నువ్వొకసారి కడిగినా పోయేదే. వాడి సంగతి నేను చూస్తాను."

"కల్తీ మందుకి గడ్డి అంత బాగా చావదండీ!"

"సరేలే, నీకెందుకంత ఆయాసం? నీళ్లు కొట్టాలని నీక్కూడా ఉంటే నువ్వే కొట్టు. బుధవారం దాకా ఆ మొక్కలాయన రాడుగా. నీ చేతి మీద నాకు నమ్మకముంది. అమ్మాయిని మాత్రం పంపకు."

చిన్నకోడలు పళ్లెం తీసుకుని లేచింది. పెద్దకోడలి పక్కనుంచి వెళ్తూ, ఆయనకి వినబడనంత నెమ్మదిగా అంది.

"జాలి పడక్కర్లేదక్కా. తిట్లయితే అరుగుతాయి. ఇది అరగదు."

మర్నాడు పొద్దున్నే పెద్దకోడలు పెరట్లోకి వచ్చేసరికి అత్తగారు అరుగు మీద కూచుని జుట్టు దువ్వుకుంటోంది. పలచబడిన తెల్ల జుట్టు. పైనుంచి కిందికి, చిక్కు తగిలిన చోట ఆగి, వేళ్లతో విడదీసి, మళ్లీ.

"ఆ గంప కింద ఏముందే పెద్దమ్మాయ్?" అంది.

పెద్దకోడలు ఆగిపోయింది.

"బండ దగ్గర గంప చప్పుడైంది నిన్న. అక్కడ గంప పెట్టేవాళ్లెవరూ లేరు ఈ ఇంట్లో."

"మాడిన గడ్డి అత్తయ్యా."

"ఊఁ." దువ్వెనలో ఇరుక్కున్న వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంది. "సోమవారం నువ్వు పంపు కడుగుతుంటే ఇక్కడే ఉన్నా. గుబగుబ ఒక్కసారే వినబడింది. రెండోది ఇంకా మొదలెట్టలేదేమో అనుకున్నా. కొక్కెం చప్పుడైంది."

"మీకు తెలుసా? మరి మొన్న ఆయన దాన్నన్ని మాటలంటుంటే..."

"చెప్పలేదు."

"ఎందుకు?"

ముసలావిడ మొహం కోడలి వైపు తిప్పింది. చూపు ఆమె చెవి పక్కనుంచి ఎటో పోయింది.

"రెండు పూటలా నీ చేతి ముద్దే కదమ్మా తినేది," అంది. "నిన్ను తప్పు పట్టి నేనెక్కడికి పోను?"

అత్తగారి స్వరంలో నిష్ఠూరం లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

"నా రోజుల్లో నేనూ అంతే," అంది మళ్లీ. "ఈ ఇంట్లో తప్పు చెయ్యని మనిషి ఒకత్తి ఉండాలి. మిగతావాళ్లకి నిశ్చింత. ముందు నేను కూచున్నా ఆ పీట మీద. తర్వాత నువ్వు. ఎక్కినంత తేలిక కాదే దిగడం. నిన్న అంత గట్టిగా చెప్పావు, దిగనిచ్చాడా వాడు?"

"లేదు."

"మరి చూపించాల్సిన వాళ్లకి చూపించు. వాడికేం పని?"

చిన్నకోడలు అప్పుడే బిందెతో బయటికి వచ్చింది. పెద్దకోడలు వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల బిందె దించింది గానీ చెయ్యి వదులుగానే ఉంచింది, తనది కానట్టు. బండ దగ్గరికి తీసుకెళ్లి పెద్దకోడలు గంప ఎత్తింది.

కింద గడ్డి నిన్నటికంటే ఎర్రగా ఉంది. చిన్నకోడలు గొంతుక్కూచుంది. ఒక పోచ పీకింది. మాడు మచ్చని గోటితో గీరింది. తరువాత బండ అంచు నుంచి వాలు వెంట, నీళ్లు ఎలా పారాయో వేలు గాల్లో కదిలిస్తూ చివరిదాకా వచ్చింది. నాలుక కొస దగ్గర ఆ వేలు ఆగింది.

"నేను అడిగాను కదక్కా," అంది, తల ఎత్తకుండా. "ఆ రోజు."

"అడిగావు."

"నువ్వు..."

"అన్నాను."

అరుగు మీద దువ్వెన చప్పుడు ఆగింది. చిన్నకోడలు గడ్డిపోచని రెండు ముక్కలు చేసింది, నాలుగు చేసింది, పారేసి చేతులు దులుపుకుని లేచింది. ఏడుస్తుందనుకుంది పెద్దకోడలు, అరుస్తుందనుకుంది. రెండింటికీ సిద్ధంగానే వచ్చింది. ఆ పిల్ల ఆకాశం వైపు చూసింది. ఒక్క మబ్బు ముక్క కూడా లేదు.

"పూత ఎలా ఉంది?"

"తెల్లగానే ఉంది. మూడు రోజులుంటుందేమో."

"గుంటలో నీళ్లు?"

"తగ్గాయి. రోజుకి ఎనిమిది పంపులకి మించి రావు."

"ఎనిమిదారులు నలభై ఎనిమిది," అంది చిన్నకోడలు తనలో తను. "మూడు రోజులు. పై వరసలు వదిలెయ్యాలి. అక్కడ నీడ లేదు, ఎలాగూ నిలబడదు. వాగు వైపు నుంచి మొదలెడదాం."

"ఆయన నిన్ను పంపొద్దన్నాడు."

"నిన్ను కొట్టమన్నారుగా. పంపు నీ వీపు మీద ఉంటుంది. గొట్టం ఎవరి చేతిలో ఉందో కింద నుంచి కనబడదు."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు.

పంపుని కొక్కెం నుంచి దించి బండ మీద పెట్టింది పెద్దకోడలు. కొంగు నడుముకి చెక్కుకుంది. తాగే కుండలోంచే తీసింది నీళ్లు. సగానికి పోసి, మూత బిగించి, రెండు చేతుల మధ్య పట్టుకుని ఊపింది. గుబగుబ. పిడి కొట్టి గొట్టంలోంచి నీళ్లు బయటికి పంపింది, మిగిలినవి మాడిన గడ్డి మీదే పారబోసింది. రెండోసారి. నాజిల్ విప్పి, సన్నటి చిల్లులోకి ఊది, కడిగి, మళ్లీ బిగించింది. మూడోసారి. పట్టీలు కూడా తడిపి పిండింది. ఇంత శ్రద్ధగా అత్తగారి ముందు మొదటిసారి కడిగినప్పుడు కూడా కడగలేదు. చెమట కనుబొమల్లోంచి కళ్లలోకి దిగింది. పంపుని తలకిందులుగా పట్టి చివరి చుక్క రాలేదాకా ఆగి, నిలబెట్టి, తోడికోడలి వైపు జరిపింది.

"అయింది. ఎత్తు, తగిలించుకుంటాను."

చిన్నకోడలు ఎత్తలేదు. మూత విప్పింది. ముక్కు లోపలికి పెట్టి వాసన చూసింది. వేలు లోపలి గోడ మీద రాసి, ఆ వేలు వెలుతురులో పెట్టి చూసింది. తరువాత వంగి, కుండలోంచి ముంచి, నిండుగా ఒక చెంబు పోసింది. ఇంకో చెంబు పోసింది.

నీళ్లు, అనబోయింది పెద్దకోడలు. పెదవుల దాకా వచ్చిన మాటని మింగేసింది.

ఆమె కడిగినదాన్ని ఈ ఇంట్లో ఇంకొకరు మళ్లీ కడగడం ఇదే మొదటిసారి. చేతులు ఖాళీగా వేలాడేసుకుని నిలబడింది, పలక దిద్దుతుంటే పక్కన నిలబడ్డ పిల్లలా. మొహం వేడెక్కింది. అయినా నిన్నటి నుంచీ గుండెల్లో గడ్డకట్టి కూచున్నదేదో అక్కడ కొంచెం కదిలింది. రాత్రి భోజనాల దగ్గర ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఈ పిల్ల నమ్మింది.

చిన్నకోడలు మూత బిగించి ఊపింది. గుబగుబ. ఇంకా ఊపింది. పారబోసింది.

అరుగు మీద అత్తగారు దువ్వెన ఒళ్లో పెట్టుకుని చప్పుడు వైపు తల తిప్పింది.

"నాలుగు," అంది.